అరవై గంటల పేపర్లో పట్టువిడుపులు

ఈమధ్య లెక్చరర్లకు శిక్షణ ఇచ్చే ఏ ఎఫ్‌డీపీ (ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం) బ్రోచర్ చూసినా ‘ఫ్లెక్సిబుల్ టీచింగ్’ అన్న మాట తగులుతుంది. ఐదు రోజులు, రోజుకు రెండు సెషన్లు, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం, మెయిల్‌కు పీడీఎఫ్ సర్టిఫికెట్. సోమవారం పొద్దున మళ్లీ అదే క్లాసు, అదే రెండో యూనిట్, అవే నోట్సు. తప్పు వక్తలది కాదు. మన డిగ్రీ పేపరులో ఎక్కడ పట్టు బిగించాలి, ఎక్కడ విడుపు ఇవ్వొచ్చు అన్నది అక్కడ ఎవరూ లెక్కగట్టి చూపించరు. ఆ లెక్క ఎవరి పేపరుకు వాళ్లే వేసుకోవాలి, అదీ సెమిస్టర్ మొదలవక ముందే.

నాలుగు క్రెడిట్ల పేపరు, వారానికి నాలుగు గంటలు, పదిహేను వారాలు. కాగితం మీద 60 గంటలు. మిడ్‌లు, ఫెస్టులు, బంద్‌లు, ఇన్విజిలేషన్ డ్యూటీలు పోను చేతికి దక్కేది 50 అనుకుని ప్లాన్ వేసుకుంటే తర్వాత ఏడవక్కర్లేదు. 2021 మేలో యూజీసీ తెచ్చిన బ్లెండెడ్ లెర్నింగ్ ముసాయిదా ఒక కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పొచ్చంది. అంటే 60లో 24 గంటలు. వినడానికి బాగానే ఉంది. కానీ యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే అఫిలియేటెడ్ కాలేజీలో టైంటేబుల్లోంచి ఒక గంట తీసేసే అధికారం లెక్చరర్‌కు ఉండదు. ఆ గంటకు హాజరు పట్టీలో ఏం రాస్తారు? విద్యార్థికి 75 శాతం హాజరు కావాలి. మనకేమో టీచింగ్ డైరీలో ప్రతి గంటా కనిపించాలి. 2018 యూజీసీ రెగ్యులేషన్లలో పదోన్నతి పట్టిక చూడండి: కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే ‘గుడ్’, 70 కంటే తగ్గితే ‘నాట్ శాటిస్‌ఫాక్టరీ’. అటానమస్ కాలేజీ అయితే ఆన్‌లైన్ గంటల్ని సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ముందే ఆమోదింపజేసుకోవాలి. అటానమస్ కాకపోతే వీడియో క్లాసు గంటకు బదులు కాదు, హోంవర్కుకు బదులు. ఈ సంగతి మొదటి వారమే తేల్చుకోకపోతే కాలేజీలో నాణ్యత చూసే ఐక్యూఏసీ వాళ్లు కోర్స్ ఫైల్ అడిగిన రోజు తేలుతుంది.

ఇక పట్టు దేనిమీద? రెండే రెండింటి మీద చాలు. విద్యార్థి చివరికి ఏం చేయగలగాలి అన్నది ఒకటి, దాన్ని ఏ ప్రశ్నతో పరీక్షిస్తాం అన్నది రెండు. ‘తరుగుదల గురించి తెలుసుకుంటాడు’ అని రాసుకుంటే అది కోర్స్ అవుట్‌కమ్ కాదు, కోరిక. ‘యంత్రం కొన్న ధర, జీవితకాలం, తుక్కు విలువ ఇస్తే మొదటి మూడేళ్ల తరుగుదలను రెండు పద్ధతుల్లో కట్టి, తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో రాస్తాడు’ అంటే అది పట్టు. ఇది గట్టిగా ఉంటే మిగతావి వదలొచ్చు: ఎప్పుడు చదవాలి, ఏ దారిలో చదవాలి, ఏ భాషలో ఆలోచించాలి. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. గడువు దగ్గర, నోట్సు ఫార్మాట్ దగ్గర, మార్జిన్ గీతల దగ్గర పట్టు. ఏం నేర్చుకోవాలన్న దగ్గర విడుపు.

గడువుల సంగతి ముందు చూద్దాం, ఎక్కువ గొడవలు అక్కడే. అసైన్‌మెంట్ సాయంత్రం 5 గంటలకల్లా అప్‌లోడ్ చేయాలంటాం. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ నాన్నతోపాటు పనికి వెళ్లి రాత్రి 8కి తిరిగొచ్చే ఇళ్లు మన డిగ్రీ కాలేజీల్లో తక్కువేం కాదు. గడువును మర్నాడు పొద్దున 9కి మారిస్తే మనకు పోయేదేం లేదు, ఎలాగూ రాత్రి కూర్చుని దిద్దం కదా. రోజువారీ డేటా ప్యాకులు అర్ధరాత్రి దాటాక కొత్తగా మొదలవుతాయి. అందుకని పెద్ద ఫైలు సాయంత్రం పెట్టి ఆ రాత్రికే చూడమనడం కంటే రెండు రాత్రులు మధ్యలో ఉండేలా పెడితే చూసేవాళ్లు పెరుగుతారు.

గడువు దాటాక ‘సార్, జ్వరం సార్’, ‘మేడం, ఊళ్లో జాతర మేడం’ అంటూ వచ్చే మాటల్లో ఏది నిజమో తేల్చడం మన పని కాకూడదు. దానికి టోకెన్ పద్ధతి పెట్టుకోవచ్చు. సెమిస్టర్‌కు ఒక్కొక్కరికి రెండు టోకెన్లు. ఒక టోకెన్ వాడితే 48 గంటలు అదనం, కారణం అడగరు. కాగితం మీద ఇంత సులువు. అమలులో మాత్రం మూడుచోట్ల చెడుతుంది. మొదటిది, గడువు దాటాక వచ్చి టోకెన్ వాడుకుంటానంటారు. గడువుకు ముందే మెసేజ్ పెడితేనే చెల్లుతుందని మొదటి రోజే చెప్పాలి. రెండోది, అందరూ ఆఖరి అసైన్‌మెంట్‌కు దాచుకుంటారు, మనకు మార్కులు ఎక్కించే తేదీ ముంచుకొస్తుంది. ఆఖరి దానికి టోకెన్ లేదని రాసి పెట్టాలి. మూడోది, 48 గంటలు పూర్తికాకుండానే మనమే జవాబులు గ్రూపులో పెట్టేస్తాం. ఇది మన తప్పు, చాలా మామూలుగా జరిగే తప్పు. లెక్కకు ఎక్సెల్‌లో ఒక నిలువు వరస చాలు: రోల్ నంబరు ఎదురుగా 2, 1, 0.

కొంత విడుపు నిబంధనల్లోనే ఉంది, పిల్లలకు చెప్పం అంతే. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్20 (2020 నిబంధనలు) లెక్కలో రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చిన దానికి 80 శాతం, తక్కువ వచ్చిన దానికి 20 శాతం బరువు. ఒక మిడ్‌లో 26, ఇంకోదాంట్లో 16 వస్తే సగటు 21 కాదు, 20.8కి 3.2 కలిపి 24. మొదటి మిడ్ పోయిందని దిగాలుపడ్డ కుర్రాడికి ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే రెండో మిడ్‌కు పుస్తకం తీస్తాడు. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఎన్‌పీటీఈఎల్ వాళ్లు కూడా 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లకు మంచివి 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. మన సొంత క్విజ్‌లకు ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు. ఆరు పెట్టి నాలుగు తీసుకోవడం. పదిపెట్టి మూడు తీసుకుంటే మాత్రం మూడు బాగా వచ్చిన రోజు నుంచీ వెనక బెంచీలు ఖాళీ.

వీడియోల దగ్గరికి వస్తే, గంట లెక్చరు మొత్తం రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం శ్రమ దండగ. ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడెక్స్‌లో 69 లక్షల వీడియో సెషన్లను పరిశీలించి 2014లో వచ్చిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి నిలిచి చూసింది ఆరు నిమిషాల లోపే. యూనిట్‌కు ఒకటో రెండో, ఒక్కోటి 6 నుంచి 8 నిమిషాలు చాలు. ఒక్క వీడియోలో ఒక్క విషయం. ‘హలో డియర్ స్టూడెంట్స్, వెల్కమ్ టు మై ఛానెల్’ అక్కర్లేదు, లెక్కతో మొదలుపెట్టండి. తెల్లకాగితం మీద పైనుంచి ఫోన్ పెట్టి, స్కెచ్ పెన్నుతో రాస్తూ చెప్పడం అన్నిటికంటే చవక, స్పష్టం కూడా. స్టాండు లేకపోతే రెండు పుస్తకాల దొంతరల మధ్య స్కేలు వేసి దానిమీద ఫోను పెట్టండి, కెమెరా స్కేలు బయటికి వచ్చేలా. బొమ్మ కంటే గొంతు ముఖ్యం. ఫ్యాన్ ఆపాలి, కాలర్ మైకు పెట్టుకోవాలి, గొంతుకీ మైకుకీ మధ్య జానెడు దూరం ఉంటే చాలు.

సైజు లెక్క కూడా తెలిసి ఉండాలి. ఎనిమిది నిమిషాల వీడియో సెకనుకు 500 కిలోబిట్ల చొప్పున ఉంటే 30 ఎంబీ. అదే మాట ఒక్కటే 32 కిలోబిట్ల ఆడియోగా పెడితే 2 ఎంబీకి అటూఇటూ. కాబట్టి ఒకే పాఠానికి మూడు రూపాలు: వీడియో, ఆడియో, రాసిన కాగితం ఫొటో. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో పిల్ల ఆడియో, ఫొటోతో నెట్టుకొస్తుంది. వాట్సాప్‌లో వీడియోను వీడియోగా పంపితే అది కుదించేస్తుంది, అంకెలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపాలి. లేదా యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇవ్వాలి.

చూశారో లేదో తెలుసుకోవడానికి గూగుల్ ఫారం పెడతాం. పది నిమిషాల్లో జవాబుల స్క్రీన్‌షాట్ క్లాసు గ్రూపులో తిరుగుతుంది, అదీ మనం లేని గ్రూపులో. ప్రశ్నల వరస కలగాపులగం చేసే ఆప్షను పెట్టినా పెద్ద లాభం లేదు. దానికి మార్కులు తీసేసి, వీడియోలోని లెక్కనే అంకెలు మార్చి మర్నాడు క్లాసులో మొదటి ఐదు నిమిషాల్లో చిన్న చీటీ మీద చేయించడం మేలు. చూసినవాడు చేస్తాడు. చూడనివాడికి పక్కవాణ్ణి చూసి విషయం అర్థమవుతుంది.

ఆ మొదటి ఐదు నిమిషాలు మొదటి పీరియడ్‌లో మాత్రం వద్దు. పల్లెవెలుగు బస్సు ఆలస్యమైతే పావు క్లాసు ఇంకా దారిలోనే ఉంటుంది. టైంటేబుల్ మన చేతిలో లేకపోయినా, ఏ పీరియడ్‌లో ఏం చేయించాలన్నది మన చేతిలోనే ఉంది. మొదటి పీరియడ్‌లో పాత పాఠం మీద చర్చ, చీటీలు రెండో పీరియడ్‌కు.

క్లాసులోనూ బయటా ఒకేసారి చెప్పే హైఫ్లెక్స్ గురించి కూడా ఒక మాట. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో బ్రయాన్ బీటీ 2006 ప్రాంతంలో పీజీ విద్యార్థుల కోసం ఆ పద్ధతి తయారుచేశారు. చిన్న క్లాసులు, పనిచేసుకుంటూ చదువుకునే పెద్దవాళ్లు. అరవై మంది ఉన్న మన గదిలో ఒక ల్యాప్‌టాప్ పెట్టి, అటు జూమ్, ఇటు బోర్డు అంటే రెండుచోట్లా పాఠం చెడుతుంది. వెనక బెంచీలో అడిగిన ప్రశ్న ఆన్‌లైన్ వాళ్లకు వినపడదు. బోర్డు మీద లైటు పడి తెల్లగా మెరుస్తుంది. చాట్‌లో వచ్చిన సందేహం క్లాసు అయ్యాక కనపడుతుంది. తప్పనిసరైతే ప్రతి ప్రశ్ననూ మైకు దగ్గర మళ్లీ చెప్పండి, చాట్ చూసే పని ఒక విద్యార్థికి అప్పగించండి. తప్పనిసరి కాకపోతే ఆ జోలికి వెళ్లకండి. క్లాసుకు రాలేని వాళ్లకు ఆ ఎనిమిది నిమిషాల ముక్క, కాగితం ఫొటో, రెండు ప్రశ్నలు ఇస్తే అంతకంటే ఎక్కువ నేర్చుకుంటారు.

గదిలోని విడుపు విలువ దీనికంటే ఎక్కువ, ఖర్చు సున్నా. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ (విద్యార్థులే ఒకరికొకరు చెప్పుకునే పద్ధతి) మన బీకాం క్లాసుకు అతికినట్టు సరిపోతుంది. ఒక ప్రశ్న చూడండి: ‘ఒక సంస్థ ఈ ఏడాది ఖాతాల్లో 50,000 రూపాయల తరుగుదల రాసింది. పన్ను సంగతి పక్కన పెడితే, ఆ పద్దు వల్ల ఈ ఏడాది చేతిలో నగదు ఏమైంది? ఒకటి, 50,000 తగ్గింది. రెండు, 50,000 పెరిగింది. మూడు, మారలేదు. నాలుగు, యంత్రం అమ్మితే గానీ తెలియదు.’ ఒక నిమిషం ఎవరికి వారే ఆలోచించాలి, మాటల్లేవు. తర్వాత వేళ్లు గుండెకు ఆనించి చూపించాలి, పక్కవాడికి కనపడకుండా. సరైన జవాబు మూడు. 70 శాతం మించి సరిగ్గా చూపిస్తే ఒక్క నిమిషంలో వివరించి ముందుకు వెళ్లాలి. 30 శాతం కంటే తక్కువైతే వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని లాభం లేదు, మళ్లీ చెప్పాలి. ఈ రెంటి మధ్యలో పడితే అదే అసలు అవకాశం. వేరే వేలు చూపించిన వాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని, మళ్లీ వేళ్లు చూపించమనాలి.

ఇది ఎక్కడ బెడిసికొడుతుందంటే, మనం ఓపిక పట్టలేక మధ్యలో జవాబు చెప్పేస్తాం. లేదా ప్రశ్న మరీ తేలిక, నిర్వచనం అడిగినట్టు ఉంటుంది. తప్పు జవాబైన ‘ఒకటి’ని చాలామంది చూపించేలా ఉండాలి మంచి ప్రశ్న. తరుగుదల ఖర్చు కాబట్టి డబ్బు పోయిందనుకోవడం సహజం, ఆ ఊహను తట్టే ప్రశ్న కావాలి. ఒక ప్రశ్నకు మొత్తం ఆరేడు నిమిషాలు పడుతుంది, గంటకు రెండు మించవద్దు. సిలబస్ ఎలా అవుతుందన్న భయం న్యాయమైనదే. కాకపోతే సిలబస్ అవడం, పిల్లలకు రావడం వేరు. సైన్సు, ఇంజినీరింగు, లెక్కల కోర్సుల మీద 225 అధ్యయనాలను కలిపి చూసి 2014లో ప్రచురించిన విశ్లేషణలో, లెక్చరు మాత్రమే విన్న క్లాసుల్లో ఫెయిలైన వాళ్లు దాదాపు 34 శాతం. ఏదో ఒక రకంగా చేతులు, నోళ్లు కదిపిన క్లాసుల్లో 22 శాతం.

భాష సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అన్నారు. తెలుగు మీడియంలో ఇంటర్ చదివొచ్చినవాళ్లు అదే బెంచీల మీద కూర్చున్నారు. క్లాసంతా తెలుగులో చెప్పి, పరీక్షేమో ఇంగ్లిష్‌లో రాయమంటే అర్థమైన విషయం కూడా కాగితం మీదికి రాదు. క్లాసంతా ఇంగ్లిష్‌లో చెబితే అర్థమే కాదు. మధ్యేమార్గం ఇలా కుదురుతుంది: ప్రశ్న ఇంగ్లిష్‌లో బోర్డు మీద, వాదన తెలుగులో, గంట చివరి ఎనిమిది నిమిషాలు ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు రాయడం. యూనిట్‌కు పన్నెండు పదాలు మించకుండా ఒక పట్టిక. మొదటి గడిలో ఇంగ్లిష్ పదం, రెండో గడిలో తెలుగులో దాని భావం, మూడో గడి ఖాళీ. మూడో గడిలో సొంత వాక్యం విద్యార్థే నింపాలి. ‘డిప్రిసియేషన్ – తరుగుదల’ అని రాసి ఊరుకుంటే కుదరదు, ఎందుకంటే ‘తరుగుదల’ మాట కూడా వాళ్లకు కొత్తే. ‘యంత్రం వాడేకొద్దీ పడిపోయే విలువలో ఈ ఏడాది వాటా’ అని విప్పి రాయాలి. ఆ ఎనిమిది నిమిషాల రాత మొదటి రెండు వారాలు ఘోరంగా ఉంటుంది. వ్యాకరణం జోలికి పోకుండా పదం సరైన చోట పడిందా అన్నదే చూడాలి.

మళ్లీ ఎఫ్‌డీపీల దగ్గరికి. లెక్చరర్ల శిక్షణ కోసం 1987లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలుగా మొదలైనవి 2015లో హెచ్‌ఆర్‌డీసీలు (మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు) అయ్యాయి, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. అప్పటికి దేశంలో 111. మనకు ఉస్మానియాలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి ఎస్వీయూలో ఉన్నాయి. బోర్డు మీద పేరు మారినా అక్కడి రిఫ్రెషర్ కోర్సులో నేర్చుకున్నది క్లాసుకు చేరే దారి మాత్రం మారలేదు. పదోన్నతికి అవి కావాలి, కాదనలేం. వెళ్లేటప్పుడు ఒక యూనిట్ ప్రశ్నల కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి. ప్రతి సెషన్ తర్వాత అందులో ఒక్క ప్రశ్న మార్చండి. తిరిగొచ్చాక చేతిలో సర్టిఫికెట్‌తోపాటు వాడదగ్గ కాగితం ఒకటి ఉంటుంది. మైక్రో టీచింగ్‌కు పది నిమిషాలు ఇస్తే బాగా వచ్చిన పాఠం కాదు, పిల్లలకు ఎప్పుడూ ఎక్కని పాఠం చెప్పి చూడండి. ఎదురుగా కూర్చున్న ముప్పై మందీ మన వృత్తివాళ్లే, ఎక్కడ తప్పుతోందో వాళ్లు పట్టేస్తారు.

కాలేజీలో దీనికంటే బాగా పనిచేసేది పక్క లెక్చరర్ మన క్లాసులో కూర్చోవడం. ముందు పది నిమిషాలు మాట్లాడుకోవాలి: ఏం చూడమంటున్నామో ఒక్కటే చెప్పాలి, ‘మొత్తం ఎలా ఉందో చెప్పండి’ అనకూడదు. చూసేవాళ్ల చేతిలో మూడు గడుల కాగితం: సమయం, చెప్పేవాళ్లు ఏం చేస్తున్నారు, పిల్లలు ఏం చేస్తున్నారు. అభిప్రాయాలు రాయకూడదు. ‘10.12, ప్రశ్న అడిగారు, ఒక సెకనులో తామే జవాబు చెప్పారు’ అని రాయాలి. ప్రశ్న అడిగాక ఆగే సమయం మీద 1970లలో మేరీ బడ్ రో పరిశీలించి చెప్పింది ఇదే: ఉపాధ్యాయులు మామూలుగా ఆగేది సెకనే, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు నోరు తెరుస్తారు. మూడు సెకన్లు నిలబడ్డవాళ్లకు యుగంలా ఉంటుంది. చాక్‌పీస్ కింద పెట్టి, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోవడం ఒక్కటే ఉపాయం.

క్లాసయ్యాక ఇరవై నిమిషాలు కూర్చుని ఆ కాగితం చదువుకోవాలి. తర్వాత ఆ కాగితం క్లాసు చెప్పినవాళ్లకే ఇచ్చేయాలి. కాపీ వద్దు, ఫొటో వద్దు, హెచ్‌ఓడీ టేబుల్ మీదికి అసలు వద్దు. అప్రైజల్ ఫైల్లోకి ఒక్క కాగితం వెళ్లినా రెండో నెల నుంచి అందరూ రిహార్సల్ చేసిన పాఠాలే చెబుతారు. ఐక్యూఏసీకి ఆధారం కావాలంటే తేదీ, గంట, ఇద్దరి సంతకాలున్న చిన్న రిజిస్టరు చాలు.

కూర్చోవడానికి ఎవరూ దొరక్కపోతే ఫోను జేబులో పెట్టుకుని మన గొంతు రికార్డు చేసుకోవచ్చు. ఇంటికొచ్చి మొత్తం వినక్కర్లేదు, 20వ నిమిషం నుంచి 30 దాకా వింటే చాలు. ఎన్ని ప్రశ్నలు అడిగాం, వాటిలో ఎన్ని ‘అర్థమైందా?’, ‘ఓకేనా?’ రకం అన్నది లెక్కపెట్టండి. అవి ప్రశ్నలు కావు, ఊతపదాలు. పిల్లల గొంతులు కూడా ఉంటాయి కాబట్టి లెక్క రాసుకున్నాక ఫైలు తీసేయండి.

ఇవన్నీ ఒకే సెమిస్టర్‌లో మొదలుపెడితే అక్టోబరుకల్లా అన్నీ ఆగిపోతాయి. ఒక పేపరు, అందులో పిల్లలు ఎక్కువగా తప్పే ఒక యూనిట్, దానికి రెండు వీడియో ముక్కలు, వేళ్లతో జవాబు చూపించే ప్రశ్నలు ఆరు, ఒక పన్నెండు పదాల పట్టిక. తయారీకి పట్టేది సుమారు పది గంటలు, అందులో సగం ఆ ఆరు ప్రశ్నలకే. యూనిట్ అయిన రోజే కోర్స్ ఫైల్లో ఆ పేజీ వెనక పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి: ఏ ప్రశ్నకు ఎన్ని వేళ్లు ఎటు లేచాయి, ఏ వీడియో ఎంతమంది చూశారు, టోకెన్లు ఎన్ని ఖర్చయ్యాయి. వచ్చే ఏడాది ఆ పేపరు ఇంకొకరికి ఇస్తే, ఆ పేజీ కూడా ఫైలుతోపాటు వాళ్ల చేతికి వెళ్తుంది.